ఎడమ పక్క ఒకటిన్నర అంగుళం

పిఠాపురం,
9 జూలై 2025, బుధవారం

చిరంజీవి చిన్నికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. నువ్వూ కులాసా అని తలుస్తాను. ఇది ఉత్తరాల్లో రాసే మామూలు మాట అనుకోకు. ఇరవై మూడు రోజుల నుంచి తలవడమే తప్ప తెలిసేది ఏమీ లేదు. వాట్సాప్‌లో నువ్వు పంపే బొటనవేలు బొమ్మ కులాసా కింద చెల్లదని మీ అమ్మ తీర్పు చెప్పేసింది.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. విశేషం ఏమీ లేదు. అమ్మ మాగాయ పార్సిల్ కట్టింది. అట్టపెట్టెలో పైన కాస్త ఖాళీ మిగిలితే, కాగితాలు కుక్కితే సీసా కదలకుండా ఉంటుందని నేనే అన్నాను. వట్టి కాగితాలు కుక్కడం దేనికని రాస్తున్నాను.

నూతి మోటారు మళ్ళీ కాలింది. సత్యం మావయ్య వచ్చి తనే బాగుచేస్తానని రెండు రోజులు విప్పి, మూడో రోజు మెకానిక్‌ని పిలిచాడు. మొన్న ఆదివారం తొలి ఏకాదశి. అమ్మ పేలాల పిండి చేసి నీ వాటా కూడా పక్కన పెట్టింది, ఎవరికని అడిగితే మాట్లాడలేదు. ఆషాఢం కదా, గోరింటాకు రుబ్బి బుచ్చి పిన్నికీ రాధకీ పెట్టి, తనూ పెట్టుకుంది. రాధకి ఎర్రగా పండింది, మీ అమ్మకి నారింజ రంగు దగ్గరే ఆగిపోయింది. ఆ విషయం మీద నేను వ్యాఖ్యానం చెయ్యలేదు.

పాదగయ దగ్గర కామేశ్వర్రావు కనిపించాడు. వాళ్ళ చిన్నవాడు సెలవుకి వచ్చాడట. మీ క్యాంపస్సే కదా ఆ అబ్బాయిది. వాడేదో అన్నాడని ఈయనేదో అన్నాడు. ఆ సంగతి తర్వాత రాస్తాను. లేకపోతే వద్దులే, ఎదురుగా లేనివాళ్ళ గురించి గుళ్ళో విన్న మాటలకి విలువేముంది.

రేపు గురుపౌర్ణమి. వ్యాసుడి పేర చేసుకునే పండుగ. ఆయన చెబుతుంటే భారతం రాసిపెట్టింది వినాయకుడు కాబట్టి మా టైపిస్టుల వృత్తికి ఆదిపురుషుడు ఆయనే అని నేను నా టైపు షాపులో పటం పెట్టుకున్నది నీకు గుర్తుండదు, చిన్నదానివి. చెప్పడం ఆపకూడదని వినాయకుడి షరతు. అర్థం చేసుకోకుండా రాయకూడదని వ్యాసుడి షరతు. ఆ రెండో షరతు నాకు పెట్టి ఉంటే మనింట్లో పొయ్యి వెలిగేది కాదు. పద్దెనిమిదేళ్ళలో నేను అర్థం చేసుకుని కొట్టిన పీహెచ్‌డీ థీసిస్ ఒక్కటీ లేదు.

అర్థం కాకపోయినా కొన్ని తెలిసేవి. ఒరిజినలూ, దాని కింద నాలుగు కార్బన్లూ, మొత్తం అయిదు కాపీలు. ఒక్క అక్షరం తప్పు పడితే అయిదు కాగితాల మీదా రుద్దాలి. అయిదో కాపీ చదవాలంటే కళ్ళు చికిలించాలి. ఆ రెమింగ్టన్ మిషను ముందు కూర్చుని గైడుకీ స్టూడెంటుకీ మధ్య ఏం నడుస్తోందో నేను ఎర్ర సిరా చూసి చెప్పగలిగేవాణ్ణి. కామాలు కూడా దిద్దాడంటే చదివాడన్నమాట. మొదటి మూడు పేజీల్లోనే సిరా అయిపోయిందంటే చదవలేదన్నమాట. మార్జిన్లో ‘నాట్ క్లియర్’ అని గీకి వదిలేశాడంటే, అక్కడ ఏం కావాలో ఆయనకే తెలియదు. ఒకాయన పెన్సిలుతో దిద్దేవారు, నచ్చకపోతే చెరిపేసుకో అని పక్కనే రాసి మరీ. మరొకాయన కూతురి పెళ్ళికి మూడొందల అడ్రసులు కొట్టించుకుని ఆ డబ్బు స్టూడెంటు చేత ఇప్పించాడు. ఆయన పక్క గదిలో ఉండే ప్రొఫెసరు మాత్రం శనివారం సాయంత్రాలు తన స్టూడెంటుతో కలిసి మన షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని ప్రూఫు చూసేవారు. టీ డబ్బులు ఆయనే ఇచ్చేవారు. ఒకటే మెట్లు, ఒకటే వరండా, రెండు గదులు రెండు లోకాలు. ఎవరికి ఎవరు గైడవుతారన్నది మాత్రం సగం రాత.

మీ గైడు మేడమ్ ఎలా ఉన్నారు? ఊరికే అడిగాను. నీకంటే ముందు ఆవిడ నన్నే చూశారు కదా. 2020 ఆగస్టు, కరోనా ఏడాది, మన వీధి గదిలో నీ మొదటి ఆన్‌లైన్ క్లాసు, నేను వెనక నుంచి లుంగీతో చెంబు పట్టుకుని వెళ్ళడం. అప్పుడావిడ నవ్వారని నువ్వే చెప్పావు. నవ్వే మనిషి అని నాకో నమ్మకం ఉండిపోయింది.

అన్నట్టు, ఆ లెక్కన వచ్చే నెలకి నీ పీహెచ్‌డీ ఫెలోషిప్పుకి అయిదేళ్ళు నిండుతాయి. ఇప్పుడొచ్చే 42,000 ఆగిపోతాయి. ఇది నీకు తెలియదని కాదు. అయిదేళ్ళకి మించి ఇవ్వరని తెలిసి కూడా నువ్వు ఇంట్లో అనలేదు కాబట్టి రాస్తున్నాను. పోస్టాఫీసు డిపాజిట్ జూన్‌లో చేతికొచ్చింది. సెప్టెంబరు నుంచి నెలకి పదిహేను వేలు పంపిస్తాను. హాస్టలుకీ తిండికీ సరిపోతుందో లేదో రాయి. వద్దనకు. అది నీ పేరు మీద వేసిందే. నీ పెళ్ళికని అమ్మా, నీ చదువుకని నేనూ అనుకుంటూ వచ్చాం.

ఇంటర్నెట్ సెంటర్లో యూజీసీ వాళ్ళ పీహెచ్‌డీ రూల్సు ప్రింటు తీయించాను. అమ్మ చూసి, మోటారుకి డబ్బుల్లేవు గానీ దీనికున్నాయంది. నలభై పేజీలయ్యాయి. ఫార్మాటింగు ఘోరం, చదవక తప్పలేదు. 2022 నవంబరులో కొత్త నిబంధనలొచ్చాయి, థీసిస్ ఇచ్చేముందు జర్నల్లో పేపరు అచ్చవ్వాలన్న షరతు అందులో తీసేశారు. కామేశ్వర్రావు కొడుకు ‘ఇప్పుడు పేపరు అక్కర్లేదండీ’ అన్నది ఇది చూసే. వాడు 2023లో చేరాడు, వాడికి అక్కర్లేదు. నువ్వు 2020లో చేరావు, నీకు 2016 నాటి రూలు. ఒక పేపరు, రెండు సెమినార్లు. నువ్వు నాకు తెలిసి సెమినార్లు చేశావు. పేపరు దగ్గరే ఆగింది. గడువు ఆరేళ్ళు, ఆడపిల్లలకి ఇంకో రెండేళ్ళు ఇవ్వొచ్చని రాసుంది. కాబట్టి కంగారు లేదు. గైడు ఒక్కరే కాదు, సలహా కమిటీ అని ఒకటుంటుందట, ఆరు నెలలకోసారి వాళ్ళ ముందు నిలబడి ఏం చేశావో చెప్పాలట. ఆ కమిటీని మా రోజుల్లో ఎవరూ ఎరగరు. గైడు గది తలుపు ఒక్కటే ఉండేది, అది తెరుచుకుంటే తెరుచుకున్నట్టు. ప్రొఫెసరు ఎనిమిది మందికి మించి, అసోసియేటు ఆరుగురికి మించి, అసిస్టెంటు నలుగురికి మించి గైడు చెయ్యకూడదని కూడా ఉంది. మీ మేడమ్‌కి ఎంతమంది? అదీ ఊరికే అడిగాను.

సరే, కామేశ్వర్రావు మాట. నువ్వు మూడు వారాలుగా ల్యాబుకి వెళ్ళడం లేదట. పేపర్లో ఎవరి పేరు ముందు అన్న వరస దగ్గర మాటా మాటా వచ్చిందట. గైడుని మార్చుకుంటావని కొందరు, అసలు మానేస్తావని కొందరు. నేను నమ్మానని కాదు. నమ్మలేదని కూడా కాదు.

పేర్ల వరస అంటే గుర్తొచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. హార్వర్డులో ఫిస్కే అనే ఆయన దగ్గర పనిచేసేటప్పుడు 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. దానికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని. బయోకెమిస్ట్రీ పిల్లల కోసం నేను ఆ రెండు పేర్లూ ఎన్నిసార్లు కొట్టానో. మధ్యలో అడ్డగీత కొట్టినప్పుడల్లా, ఆయన గీతకి అవతల పక్కే ఉన్నాడే అనుకునేవాణ్ణి. కండరాల శక్తికి సంబంధించిన పెద్ద సంగతులు ఆ ల్యాబులోనే బయటపడ్డాయి. అక్కడ పర్మనెంటు ఉద్యోగం మాత్రం ఆయనకి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయాడు. సుబ్బారావు గారు చేసిన కొన్ని పనులు ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదనీ, వాటిని తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందనీ అదే ల్యాబులో చదువుకున్న హిచ్చింగ్స్ చెప్పాడు. హిచ్చింగ్స్‌కి 1988లో నోబెల్ వచ్చింది, ఆయన మాటకి విలువుంది. కానీ చూడు, సుబ్బారావు గారు చేసిన ఘనకార్యాలు చాలా మట్టుకు ఆ ల్యాబు వదిలాకే. ఇది నీకు మానెయ్యమని చెప్పడానికి రాశానో, ఓర్చుకోమని చెప్పడానికి రాశానో నాకే సరిగ్గా తెలియదు. కొట్టేశాక చెరపడం నాకు చేతకాదు, అలాగే ఉంచుతున్నాను.

రాళ్ళబ్బాయి సంగతి నీకు ఎప్పుడైనా చెప్పానా? అమ్మ చెప్పే ఉంటుంది, కానీ ఆవిడ జాడీ దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. అసలు కథ అంతకు ముందుది.

జియాలజీ పిల్లాడు. 1987 ప్రాంతం. గుడ్డసంచీలో రాళ్ళు మోసుకుంటూ తిరిగేవాడు, అందుకా పేరు. తల్లి ఊళ్ళో పొలం కౌలుకిచ్చి డబ్బు పంపేది. మూడో చాప్టరు నా దగ్గర కొట్టించుకుని గైడుకి ఇచ్చాడు. నాలుగు నెలలు ఆ కాగితాలు ఆయన సొరుగులో పడుకున్నాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి వరండాలో నిలబడేవాడు. ఆయన ‘చూస్తున్నానోయ్’ అనేవాడు. పడుకున్న కాగితాలు ఒకనాడు లేచి ఎర్రబడి వచ్చాయి. మళ్ళీ కొట్టాం, నలభై రెండు పేజీలు, పేజీకి రూపాయిన్నర. మళ్ళీ సొరుగు. ఈసారి మూడు నెలలు. మళ్ళీ ఎరుపు. మూడోసారి కొట్టడం మొదలుపెట్టాను. తొమ్మిదో పేజీ దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. చదివి కాదు, నేను చదవను కదా. ఈ వాక్యం వేళ్ళకి తెలుసు. ఇంతకుముందు ఇదే వరసలో ఇవే మీటలు నొక్కాయి. ‘బాబూ, మొదటిసారి ఆయన గీసేసినవే ఇప్పుడు మళ్ళీ రాయమన్నారేమో’ అన్నాను. వాడు నమ్మలేదు. మొదటి కాపీ గైడు దగ్గరే ఉండిపోయింది, వాడి దగ్గర లేదు.

అయిదో కాపీ నా దగ్గర మిగిలేది. కళ్ళకి ఆనదు కాబట్టి పార్టీలు వదిలేసేవారు. అవి మీ అమ్మ వంటింటి అలమర్లలో పరిచేది. నేను ఇంటికి పరుగెత్తి జాడీలు దింపడం మొదలుపెట్టాను. ఆవకాయ జాడీ కింద ఇంగ్లీషు థీసిస్, ఉప్పు కింద ఎకనామిక్స్, పప్పుల డబ్బాల కింద వరసగా రాళ్ళబ్బాయి మూడో చాప్టరు. అమ్మ అరుపులు వీధిలోకి వినిపించాయి. నలభై రెండు పేజీల్లో ముప్ఫై ఏడు దొరికాయి. నూనె మరకలు, పసుపు మరకలు, ఒకచోట జాడీ అడుగు గుండ్రంగా. అది మొదటిది. రెండోది షాపులోనే ఉంది. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నా వేళ్ళు చెప్పిందే నిజం. మొదట గీసేసిన పదకొండు పేరాలు మూడోసారి కొత్తగా రాయమని అడిగాడాయన.

పిల్లాడు మొహం ఎర్రగా చేసుకుని లేచాడు. అందరూ ఉండగా డిపార్ట్‌మెంటులో ఆయన బల్ల మీద విసిరికొడతానన్నాడు. ఆ రాత్రి వాణ్ణి ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ అప్పటికీ కోపంగానే ఉంది, అయినా ఉప్మా చేసింది. పదకొండు దాటాక షాపు తీసి, మిషను ముందు కూర్చుని వాడి తరఫున ఒక ఉత్తరం కొట్టాను. నా జన్మలో నేనుగా కొట్టిన ఇంగ్లీషు అది ఒక్కటే. జూన్ డ్రాఫ్టు, అక్టోబరు డ్రాఫ్టు, ఫిబ్రవరి డ్రాఫ్టు జతచేశాను, వీటిలో ఏది ఉంచమంటారో సెలవివ్వగలరు. అంతే. పై నుంచి కింద దాకా తేదీలు తప్ప నింద ఒక్కటి లేదు. ఈ ఉత్తరానికి మాత్రం డబ్బు తీసుకోలేదు.

మర్నాడు జరిగింది వాడు చెప్పిందే, నేను చూసింది కాదు. ఆయన మూడు కట్టలూ తిరగేసి చాలాసేపు మాట్లాడలేదట. ‘ఈ పసుపేమిటోయ్’ అన్నాడట. ‘మా టైపు మాస్టారి వంటింటిది సార్’ అన్నాడట వీడు. అప్పుడాయన కళ్ళజోడు తీసి, ‘రెండోది నేను చదవలేదోయ్, ఊరికే గీతలు పెట్టాను’ అని ఒప్పుకున్నాడట. అప్పట్లో ఆయన కింద పదకొండు మంది. పై పోస్టుకి ఇంటర్వ్యూ ఒకటి. బయటి పరీక్షకుడు తప్పు పడతాడేమోనన్న భయం ఒకటి, ఆ భయంలో ఏ వాక్యం చూసినా తప్పుగానే కనిపించేదట. ఇంత చెప్పాడని ఆయన దేవుడైపోయాడనుకోకు. తర్వాతి చాప్టరు పదిహేను రోజుల్లో వచ్చింది, దాని తర్వాతది మళ్ళీ రెండు నెలలు. ఆ పని మీద వచ్చిన పేపరుకి తన పేరే ముందు పెట్టుకున్నాడు. అయినా ఆ రోజు నుంచి వాడు వరండాలో నిలబడటం మానేసి, తలుపు కొట్టి లోపలికి వెళ్ళడం నేర్చుకున్నాడు. నేను ప్రతి కాగితం మూలా తేదీ కొట్టడం నేర్చుకున్నాను.

అన్నిటికంటే ఆఖర్న కొట్టేది కృతజ్ఞతల పేజీ. వాడు గైడు గురించి పదహారు లైన్లు చెప్పాడు, జ్ఞానమట, వాత్సల్యమట. ‘ఇంత అవసరమా బాబూ’ అంటే, ‘కొట్టండి మాస్టారూ, ఈ ఒక్క పేజీకి ఎర్ర సిరా ఉండదు’ అన్నాడు. కింద తల్లికి ఒక లైను, స్నేహితులకి ఒక లైను, అన్నిటికన్నా కింద చక్కగా టైపు చేసిన ఫలానా వారికి అని నా పేరు. అందరూ రాసేదే, కానీ వాడు గొంతు తగ్గించి చెప్పేసరికి నాకు చెయ్యి వణికి నా పేరు నేనే తప్పు కొట్టాను. అయిదు కాపీల మీదా. చూసుకునేసరికి బైండింగయిపోయి, అట్ట మీద బంగారు అక్షరాలు పడిపోయాయి. ఇప్పటికీ ఆ యూనివర్సిటీ లైబ్రరీలో నేను తప్పు పేరుతోనే ఉన్నాను.

చాలా రాశాను. చెయ్యి నొప్పెడుతోంది. కలం పట్టుకుంటే వేళ్ళు ఇప్పటికీ మీటల కోసం వెతుకుతాయి.

తేదీలు వేసుకుంటున్నావా? నువ్వు రాసి పంపినవీ, మేడమ్ దిద్ది పంపినవీ, ఏ రోజు ఏం మాట్లాడుకున్నారో. మాట్లాడి వచ్చాక నాలుగు ముక్కలు మెయిలు పెట్టు, ‘ఇవాళ ఇలా అనుకున్నాం మేడమ్’ అని. పేర్ల వరస సంగతి పేపరు మొదలుపెట్టే రోజునే అడగాలి, ఎవరు ఏ పని చేశారో రాసి పెట్టుకోవాలి. ఇప్పుడు ఆలస్యమయిందంటావేమో. కాలేదు, అచ్చయ్యే దాకా ఆలస్యం కాలేదు. ముందు ఆవిడనే అడుగు, ఎదురుగా కూర్చుని, కోపం దిగాక, కాఫీ తాగాక. నీ ల్యాబు సీసాల్లోని మట్టిలో పురుగులు ఏం చేస్తాయో నాకు తెలియదు గానీ, మనుషులు తలుపు అవతల నిలబడితే ఒకరి గురించి ఒకరు ఊహించుకుంటూ ఉంటారు, ఆ ఊహలు ఒక్కటీ మంచివి కావు. ఆవిడతో కుదరకపోతే ఆ కమిటీ ఉంది. చూశావా, ఉపన్యాసం ఇవ్వనని అమ్మకి మాటిచ్చి కూర్చున్నాను.

ఒక్కదానివే గదిలో కూర్చోకు. స్టాటిస్టిక్స్ పిల్లలకి కొట్టేటప్పుడు క్రామర్–రావు అని వందసార్లు వచ్చేది, లెక్కల గుర్తులన్నీ ఖాళీ వదిలితే వాళ్ళు చేత్తో నింపుకునేవారు. ఆ రావు మన ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే చదివిన సి.ఆర్. రావు గారు. కలకత్తాలో ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన వరదన్‌కి 2007లో లెక్కల్లో ఏబెల్ బహుమతి వచ్చింది. అప్పట్లో అక్కడ నలుగురు కుర్రాళ్ళుండేవారు, మన రంగారావు, పార్థసారథి, వరదరాజన్, ఈ వరదన్. ఒకరికొకరు పాఠాలు చెప్పుకునేవారట. పెద్దాయన వాళ్ళని వాళ్ళ మానాన వదిలేశారట. మీ ల్యాబులో ఒడియా అమ్మాయి ఉందన్నావు, నీ మజ్జిగ పులుసు బావుందన్న పిల్ల. ఆ అమ్మాయితో అయినా మాట్లాడుతున్నావా?

ఇక ఇది. అమ్మ రాయమంది. మూడు రోజులుగా రాయి రాయి అని నా చుట్టూ తిరుగుతోంది.

మన అటక మీద ట్రంకు పెట్టెలో రెండు చాప్టర్లున్నాయి, నీకు తెలుసు, చిన్నప్పుడు వాటి వెనక బొమ్మలేశావు. అవి ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు అమ్మాయివి. నాలుగేళ్ళు చదివింది. చక్కని దస్తూరి, ఒక్క కొట్టివేత ఉండేది కాదు. ఒకరోజు రెండు చాప్టర్లు ఇచ్చి వెళ్ళింది, తీసుకోవడానికి రాలేదు. నేను డబ్బుకి ఇబ్బందేమోనని అనుకుని కబురు పంపాను, డబ్బులొద్దు వచ్చి తీసుకెళ్ళమని. రాలేదు. షాపు మూసేసే రోజున ఆ కాగితాలు సర్దుతూ, ఎందుకు మానేసిందో పాపం అంటే మీ అమ్మ నన్ను ఒక్క చూపు చూసి, ‘ఊరంతా తెలుసు, మీకొక్కరికే తెలియదు, ఆ గైడు చూపు మంచిది కాదు’ అంది. ఎర్ర సిరా చూసి అన్నీ తెలుసుకునేవాణ్ణని పైన గొప్పలు రాశాను కదా. ఇది ఏ సిరాలోనూ కనిపించలేదు.

మీ గైడు మేడమే అని నాకూ తెలుసు. ల్యాబన్నాక ఇంకా మనుషులుంటారు, సీనియర్లుంటారు, పక్క గదుల వాళ్ళుంటారు. అలాంటిదేమైనా అయితే పైన నేను రాసిన ఓర్పూ, తేదీలూ, కాఫీలూ ఒక్కటీ వర్తించవు. దానికి 2013లో చట్టమొచ్చింది, ప్రతి యూనివర్సిటీలో కమిటీ ఉండాలి, మూడు నెలల లోపు ఫిర్యాదు రాసి ఇవ్వాలి, కారణముంటే ఇంకో మూడు నెలలు ఒప్పుకుంటారు. అది కూడా ప్రింటు తీయించాను. కానీ నువ్వు ముందు మాకు చెప్పు. చెప్పలేకపోతే ‘రా నాన్నా’ అని రెండు ముక్కలు పంపు చాలు. సామర్లకోటలో కోణార్క్ ఎక్కితే మారక్కర్లేకుండా పూణె. రిజర్వేషన్ లేకపోయినా వస్తాను. అమ్మ కూడా బయలుదేరుతుంది, ఆవిణ్ణి ఆపడం నా తరం కాదు.

అదేమీ కాదు, వట్టి పేపరు గొడవే అయితే ఆనందంగా తిడతాను.

ఇంకొకటి. ఇది అమ్మ రాయమన్నది కాదు. నీకు ఎమ్మెస్సీ అవగానే ఆ విత్తనాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. నువ్వు వెళ్తానన్నావు. నేను వెళ్ళొద్దనలేదు. ‘నీ ఇష్టం’ అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నీకు అర్థమయింది. నువ్వు ఎప్పుడూ త్వరగా అర్థం చేసుకుంటావు. ఎన్నో వందల థీసిస్సుల్లో ఆఖరి లైన్లో ఉన్నవాణ్ణి, ఒక్కదానికి అట్ట మీద మన ఇంటిపేరు చూడాలనుంది అప్పట్లో. తప్పుల్లేకుండా. ఇప్పుడూ లేదని అబద్ధం చెప్పను. కానీ అది నా కోరిక, ల్యాబుకి వెళ్ళేది నువ్వు. మానేస్తే మానేశానని చెప్పు, మూడు వారాలు చెప్పకుండా ఉండకు. ఈసారి అన్నం తింటాను.

మాగాయ సీసాకి ప్లాస్టిక్ కవరు రెండు చుట్లు చుట్టాం. విప్పగానే పొడి చెంచాతో కలిపి, మూత గట్టిగా పెట్టు. హాస్టల్లో ఆ పిల్లలంతా తడి చెంచాలు పెడతారు, వాళ్ళకి వేరే గిన్నెలో తీసి ఇవ్వు. పేలాల పిండి పొట్లం అడుగున ఉంది. పూణెలో వానలు దంచుతున్నాయని టీవీలో చూపించారు, ఆ నల్ల గొడుగు ఊచ విరిగిందన్నావు, కొత్తది కొనుక్కో, నాలుగొందలు పోతే పోయాయి. రాత్రిళ్ళు తలార స్నానం చెయ్యకు.

ఒకవేళ రాయడం మొదలుపెడితే, కంప్యూటర్లో పేజీ కొలతలు ముందే పెట్టుకో. ఎడమ పక్క ఒకటిన్నర అంగుళం వదలాలి, బైండింగువాడు కుట్టేటప్పుడు అక్షరాలు మింగేస్తాడు. మిగతా మూడు పక్కలా ఒక అంగుళం చాలు.

నాన్న

తా.క.: అమ్మ చదివింది. గోరింటాకు ముక్క కొట్టెయ్యమంది, కొట్టెయ్యలేదు. ఫోన్ తనకి చెయ్యమంటోంది, రాత్రి తొమ్మిది తర్వాత. స్పీకర్లో పెడుతుంది, నేను అక్కడే ఉంటాను, మాట్లాడను.